దాదా కెమెరా, దాదీ గాజు పలకలు

పాత వస్తువు ఇంట్లో పడి ఉన్నంత కాలం దానికి వెల ఉండదు. దాని వెల అడిగే మనిషి గుమ్మంలో నిలబడిన రోజునే, అది ఎంత చేస్తుంది, అసలు అది ఎవరిది, దాన్ని అమ్మే హక్కు ఎవరికి ఉంది అనే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకొస్తాయి. మా కుటుంబానికి ఈ మూడు ప్రశ్నలూ ఒక పాత ప్లేట్ కెమెరా రూపంలో ఎదురయ్యాయి. నంద్యాలలో, ఆళ్లగడ్డలో, ఆ మాటకొస్తే ఏ ఊళ్లోనైనా అటక మీద ఇటువంటి పెట్టె ఒకటి ఉన్న ఇళ్లు ఇంకా ఉంటాయి. వారికి ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో మా అనుభవాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా దాదాజాన్ 1954లో ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో తెరిచారు. వీధి వైపు ఒక గది, దాని వెనుక మరొక గది, పక్కన వెలుతురు చొరబడని చిన్న కొట్టు. ముందు గది పైకప్పులో ఉత్తరం వైపున కొన్ని పెంకులు తీసి గాజు పెంకులు వేయించారు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రమే దిగేందుకు చేసిన ఏర్పాటు అది. గాజు పలకలు, కాగితం, మందులు మద్రాసు నుంచి రైలులో నంద్యాలకు వచ్చేవి. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు బస్సు మీద ఆళ్లగడ్డకు చేరేవి. దారిలో పలకలు పగలకుండా వరిగడ్డి పరిచిన పెట్టెను దాదా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారట. కొత్తగా పెళ్లయినవారు, పరీక్షలకు కూర్చునే విద్యార్థులు, ప్రయాణ పత్రాల కోసం హజ్ యాత్రికులు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికి పేరు పొందిన ఊరు. తాము చెక్కిన పనిని దూరప్రాంతపు కొనుగోలుదారులకు చూపించడం కోసం శిల్పులు కూడా ఆయన చేత ఫొటోలు తీయించుకునేవారు.

ఈ తరం పిల్లలు ప్లేట్ కెమెరా అంటే ఏమిటని అడుగుతారు. చెక్కతో చేసిన రెండు చట్రాలు, వాటి మధ్య ముడుచుకుని విచ్చుకునే తిత్తి, ముందు ఇత్తడి గొట్టంలో అమర్చిన కటకం, వెనుక గరుకు గాజు. ఇంతే దాని నిర్మాణం. నల్లగుడ్డ తల మీదికి కప్పుకుని గరుకు గాజులోకి చూస్తే ఎదుట కూర్చున్న మనిషి తలక్రిందులుగా కనిపిస్తాడు. తిత్తిని జరిపి బొమ్మ స్పష్టమయ్యేలా చేశాక, గరుకు గాజు స్థానంలో మందు పూసిన గాజు పలక ఉన్న చెక్క పెట్టెను అమర్చుతారు. కటకానికి ఉన్న మూత తీసి, కొన్ని క్షణాలు లెక్కించి, తిరిగి మూత పెడతారు. ఆ కొన్ని క్షణాలూ మనిషి కదలరాదు. ఆ తరువాత ఎర్రదీపం వెలుతురులో పలకను మందునీళ్లలో ముంచితే, తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ముఖం పైకి తేలుతుంది. దాన్ని కాగితం మీద ఉంచి వెలుతురు చూపితే ఫొటో తయారవుతుంది.

బొమ్మ తలక్రిందులుగా పడే ఆ రహస్యాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో అగ్రగణ్యుడు బస్రాలో జన్మించి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్. ఆయన 11వ శతాబ్దపు తొలి దశకాలలో రచించిన 'కితాబుల్ మనాజిర్' వెలుతురు గురించి, చూపు గురించి తరువాతి శతాబ్దాలకు దారి చూపింది. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్ల చూపు కలుగుతుందన్న పాత అభిప్రాయాన్ని ఆయన త్రోసిపుచ్చి, వస్తువు నుంచి వచ్చే వెలుతురు కంటిలో ప్రవేశించడం వల్లనే మనం చూడగలుగుతున్నామని నిరూపించారు. చీకటి గది గోడలోని సన్నని రంధ్రం గుండా వెలుతురు ప్రవేశించినప్పుడు ఏమవుతుందో ప్రయోగాలు చేసి చూశారు. 'కెమెరా' అనే మాటకు లాటిన్‌లో గది అని అర్థం. మన ఇళ్లలో ఉర్దూలో గదిని 'కమరా' అంటాము. అది పోర్చుగీసుల ద్వారా మన దేశానికి వచ్చిన అదే మాట. దాదా భుజాన మోసిన చెక్క పెట్టె కూడా ఒక చిన్న చీకటి గదియే.

గాజు పలక మీద మందు ఆరిపోయాక కూడా పనిచేసే విధానాన్ని 1871లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడాక్స్ ప్రకటించారు. అంతకుముందు 1851లో వచ్చిన పద్ధతిలో పలక తడిగా ఉండగానే ఫొటో తీసి, తడిగా ఉండగానే కడగవలసి వచ్చేది. ఎండిన పలకలు వచ్చాక ఫొటో తీయడం పట్టణాల నుంచి చిన్న ఊళ్లకు దిగింది. ఆళ్లగడ్డ వంటి ఊళ్లో మా దాదా వంటి సామాన్యుడు స్టూడియో నడపగలిగాడంటే అందుకు ఈ ఎండిన గాజు పలకే కారణం.

ఇక మా దాదీ సంగతి. హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్. 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన ఆయన 1892లో అక్కడ స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే స్త్రీలు పురుషుల కంటబడకుండా ఫొటో తీయించుకునేందుకు అక్కడ ఒక ఆంగ్ల మహిళను నియమించారు. నవాబుల నగరంలో జరిగిన ఈ ఏర్పాటు సంగతి మా దాదీకి తెలియదు. అయినా ఆళ్లగడ్డలోని వెనుక గదిలో ఆమె చేసింది అదే పని. దాదా ముందుగా ఖాళీ కుర్చీ మీద ఒక చెంబు పెట్టి, దూరం చూసుకుని, తిత్తి బిగించి, పలక అమర్చి బయటికి వెళ్లిపోయేవారు. తరువాత స్త్రీలు లోపలికి వచ్చేవారు. దాదీ వారిని కూర్చోబెట్టి, 'బిస్మిల్లాహ్' అని మూత తీసి, మనసులో మూడు లెక్కించి మూత పెట్టేది. ఆ పలకలను కడగడం కూడా ఆమే నేర్చుకుంది. చదువు అంతంత మాత్రమే అయినా ఒక్కొక్క పలకను కాగితంలో చుట్టి, ఇంటిపేరు ఉర్దూలో రాసి, విడిగా దాచింది. ఆ పెట్టెలను మా ఇంట్లో 'పరదా డబ్బాలు' అనేవారు. వాటిని తెరిచే హక్కు దాదాకు కూడా ఉండేది కాదు.

దాదా 1984లో స్టూడియో మూసివేసి నంద్యాలలోని మా ఇంటికి సామానుతో సహా వచ్చేశారు. దాదీ 1998లో, దాదా 2019లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. పెద్దలు ఇంటినీ, కొద్దిపాటి పొలాన్నీ ధర్మప్రకారం పంచుకున్నారు. మా అబ్బా, చిచ్చా, ఇద్దరు ఫుప్పులు వారసులు. అటక మీది సామాను మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. అది సామానే తప్ప ఆస్తి అని ఎవరికీ తోచలేదు.

2023లో బెంగుళూరు నుంచి పాత కెమెరాలు కొనే వ్యక్తి ఒకరు నంద్యాల వచ్చారు. మా వీధిలో ఎవరో చెప్పగా ఇంటికి వచ్చి కెమెరా చూశారు. మా ఇంట్లో అది 'లండన్ కెమెరా' అని తరతరాలుగా చెప్పుకునేవారు. ఆయన మెత్తటి గుడ్డతో చెక్క మీది దుమ్ము తుడిచి చిన్న రేకు పలక చూపించారు. దాని మీద ఉన్నది లండన్ కాదు, కేరళలోని అలప్పుళ. కెమెరా పేరు వాగీశ్వరి. "ఇది దేశవాళీ సరుకు. ఇంగ్లీషుది కాదు. పద్దెనిమిది వేలు ఇస్తాను" అన్నారు. మా చిచ్చా ముఖం చిన్నబోయింది.

ఈ వాగీశ్వరి కెమెరా చరిత్ర తెలుసుకున్నాక మాకు వేరొక భావం కలిగింది. అలప్పుళలో సంగీత వాద్యాలు తయారు చేసి, బాగుచేసే కుటుంబానికి చెందిన కె. కరుణాకరన్ దీని సృష్టికర్త. హార్మోనియం తిత్తులు కుట్టడంలో నేర్పరి అయిన ఆయన దగ్గరికి ఒక స్టూడియో యజమాని చినిగిన కెమెరా తిత్తిని తీసుకువచ్చారు. ఆ మరమ్మతు నుంచి మొదలై, 1940ల నడుమ టేకు చెక్క, ఇత్తడితో ఏకంగా కెమెరాయే తయారైంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి దశకాలలో దేశంలోని ఎన్నో స్టూడియోలలో అది పనిచేసింది. చిన్న కెమెరాలు, రంగుల ఫిలిం వ్యాపించాక దాని తయారీ ఆగిపోయింది. విదేశీ పేరు లేనందున విలువ లేదనడం అమాయకులను ఒప్పించే మాటే. మన దేశపు చేతిపని చరిత్రను సేకరించేవారు వాగీశ్వరిని ప్రత్యేకంగా వెతుకుతున్నారని తరువాత తెలిసింది. కటకం మాత్రం ఇంగ్లండుదే. ఇత్తడి అంచు మీద లెస్టర్ నగరపు టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ కంపెనీ పేరు చెక్కి ఉంది. 'లండన్ కెమెరా' అన్న మాట ఇంట్లో పుట్టడానికి ఆ అక్షరాలే కారణం అయి ఉండవచ్చు.

వెంటనే అమ్మకుండా మరో ఇద్దరిని అడిగి చూద్దామని అబ్బా అన్నారు. హైదరాబాదులో కెమెరాలు బాగుచేసే ఒక వృద్ధుడు, కటకం ఒక్కటే బెంగుళూరు వ్యక్తి చెప్పిన మొత్తం ధర కంటే ఎక్కువ చేస్తుందని చెప్పారు. చెన్నైలో పాత కెమెరాలు సేకరించే పెద్దమనిషి కెమెరా, కటకం, మూడు పలక పెట్టెలు, మూడు కాళ్ల స్టాండు అన్నీ కలిపి 48 వేలకు కొంటానన్నారు. ఈ ముగ్గురి దగ్గర మేము నేర్చుకున్నది ఇక్కడ చెప్పడం అవసరం.

మొదటిది, పాతదైన ప్రతిదీ అరుదైనది కాదు. ఇంగ్లండులో 19వ శతాబ్దం చివర వేల సంఖ్యలో తయారైన చెక్క కెమెరాలు నేటికీ దొరుకుతాయి. 2010లో వియన్నా వేలంలో ఒక కెమెరాకు 7 లక్షల 32 వేల యూరోలు పలికిన మాట నిజమే. అది ఫొటో విద్య లోకానికి వెల్లడైన 1839 నాటిది, డాగేర్ సంతకం ఉన్నది. ఆ వార్త చదివి మన అటక మీది పెట్టెకు కోట్లు వస్తాయని ఆశపడడం తగదు. రెండవది, కటకం, చెక్క శరీరం, పలక పెట్టెలు కలిసి ఉంటేనే పూర్తి విలువ. విడదీసి అమ్మితే కటకం కొత్త కెమెరాకు పోతుంది, చెక్క హోటలు గోడకు అలంకారంగా పోతుంది. మూడవది, తిత్తి. చీకటి గదిలో కెమెరా లోపల చిన్న దీపం పెట్టి చూస్తే తిత్తికి పడిన చిల్లులు చుక్కల్లా బయటపడతాయి. నాలుగవది, కటకంలో బూజు. దారాల్లా అల్లుకున్న బూజు గాజును తినేస్తే విలువ సగానికి పైగా పడిపోతుంది. తడి తగలని చోట, గాలి ఆడేలా ఉంచితే ఈ బాధ తప్పుతుంది.

అయిదవది మన ఇళ్లలోని స్త్రీలకు ముఖ్యంగా చెప్పవలసినది. ఇత్తడి కనబడగానే చింతపండుతో తోమి తళతళలాడించడం మనకు అలవాటు. పాత కెమెరా ఇత్తడి మీద తయారీదారు పూసిన సన్నని పూత ఉంటుంది. చింతపండు ఆ పూతను తినేస్తుంది. మెరిసే ఇత్తడిని చూసి కొనేవాడు అలంకారం కోసం కొంటాడు. తెలిసినవాడు నల్లబడిన ఇత్తడికే ఎక్కువ ఇస్తాడు. చెక్కకు రంగు వేయించడం కూడా ఇటువంటిదే. పైగా పాతవిగా కనిపించేలా కొత్తగా చేసిన చెక్క, ఇత్తడి కెమెరాలు కూడా బజారులో ఉన్నాయి. వాటి కటకం కేవలం అద్దం ముక్క, వెనుక పలక పెట్టె దూరదు. నిజమైనది పనిముట్టు. దాని ప్రతి మరకు, ప్రతి గాడికి ఒక పని ఉంటుంది.

చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళా, శాస్త్ర, హస్తకళా వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. అటువంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. మా కెమెరాకు ఇంకా అంత వయసు లేదు. అయినా విదేశపు కొనుగోలుదారును చూపి ఆశపెట్టే దళారీ ఎదురైనప్పుడు వస్తువు వయసు ముందుగా తెలుసుకోవడం మంచిది.

ఇక పంపకం. తల్లిదండ్రులు వదిలి వెళ్లినది కొద్దిదైనా, ఎక్కువదైనా అందులో పురుషులకూ, స్త్రీలకూ వాటా ఉందని ఖుర్ఆన్‌లోని నిసా సూరా స్పష్టం చేస్తుంది. ఆ 'కొద్దిది' అనే మాటలో అటక మీది సామాను కూడా ఉంటుంది. చెప్పులు, గడియారం, పుస్తకాలు, కెమెరా అన్నీ విరాసత్తే. ఆడపిల్లలకు చెప్పకుండా మగపిల్లలు ఇటువంటివి అమ్ముకోవడం మన సమాజంలో మామూలైపోయింది. మేము మూడు ధరలనూ కాగితం మీద రాసి నలుగురు వారసుల ముందూ ఉంచాము. అత్యధిక ధర అయిన 48 వేలకు మేమే, అంటే దాదా మనవలము, మనవరాండ్రమే కలిసి కొనడానికి ముందుకు వచ్చాము. అబ్బాకు 16 వేలు, చిచ్చాకు 16 వేలు, ఫుప్పులు ఒక్కొక్కరికి 8 వేలు చెల్లించాము. తిత్తికి ఒక మూల చిల్లు ఉన్న సంగతి, కటకం బాగా ఉన్న సంగతి అందరికీ ముందే చెప్పాము. లోపాన్ని దాచి అమ్మడాన్నీ, కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్నీ దైవప్రవక్త (స) నిషేధించారు. అయినవారి మధ్య జరిగే బేరానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. నిజానికి అక్కడే దాని అవసరం ఎక్కువ. ఇంట్లో ఉంచుకోవడానికే కొన్నాము గనుక దీని మీద జకాత్ లేదు. లాభానికి తిరిగి అమ్మాలని కొని ఉంటే వ్యాపార సరుకుగా లెక్కించి, ఏటా బజారు విలువలో నలభయ్యవ వంతు తీయవలసి వచ్చేది.

కెమెరా సంగతి ఇలా తేలింది. అసలు చిక్కు గాజు పలకల దగ్గర వచ్చింది.

డజను పలకల చొప్పున 26 పెట్టెలు. అంటే 312 పలకలు. వాటిలో 7 పెట్టెలు, 84 పలకలు, దాదీ పరదా డబ్బాలు. కెమెరాకు 18 వేలు చెప్పిన బెంగుళూరు వ్యక్తే పలకలన్నింటికీ కలిపి 40 వేలు ఇస్తానన్నారు. స్త్రీల పలకలు తప్పనిసరిగా ఉండాలన్నారు. పాత కాలపు ముస్లిం స్త్రీల చిత్రాలు అరుదు గనుక వాటికి గిరాకీ ఉందట. వాటిని ముద్రించి, పుస్తకాలుగా వేసి, ప్రదర్శనలు పెడతారట.

మా చిచ్చా గుండె ఆపరేషను చేయించుకుని అప్పుల్లో ఉన్న రోజులవి. ఆయన వాటాగా 13 వేల పైచిలుకు వచ్చేది. "మట్టి కొట్టుకుపోతున్న గాజు ముక్కలు. మనకు అన్నం పెడతాయా? ఆ ఫొటోల్లోని వాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అప్పులవాళ్లు తలుపు తట్టే ఇంట్లో పాత గాజు కంటే రొక్కమే ముందు కనిపిస్తుంది.

ఆళ్లగడ్డలో ఉండే పెద్ద ఫుప్పు ఆ మాట విని నంద్యాల వచ్చింది. చిన్నతనంలో ఆమె దాదీకి సాయంగా ఎర్రదీపం పట్టుకునేది. "ఆ ముఖాలు మనవి కావురా తమ్ముడూ. వాళ్లు మన అమ్మను నమ్మి నఖాబు ఎత్తినారు. అబ్బాను నమ్మి కూడా కాదు" అంది. తరువాత చాలా సేపు ఎవరూ మాట్లాడలేదు.

మేము రెండు వైపుల నుంచి విచారించాము. నంద్యాలలోని ఒక ఆలిమ్ గారిని అడిగితే, గాజు స్టూడియోదే అయినా దాని మీది రూపం అమానతు వంటిదనీ, ఏ షరతు మీద ఆ స్త్రీలు ఫొటో తీయించుకున్నారో ఆ షరతు దాదీ మరణంతో ముగిసిపోదనీ అన్నారు. దేశ చట్టం ఏమంటుందో కూడా చూశాము. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్న వ్యక్తే మొదటి హక్కుదారు. తీసినవారు కాదు. గాజు మా ఇంటిది కావచ్చు, దాన్ని ముద్రించి లోకానికి చూపే హక్కు మాది కాదు. ఆలిమ్ గారి మాట, చట్టం మాట ఒకే చోట కలవడం మాకు ఊరట కలిగించింది.

దీని అర్థం పాత గాజు పలకలను సేకరించడమే తప్పు అని కాదు. దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అవి లేకపోతే ఆనాటి హైదరాబాదు మనకు ఇంత స్పష్టంగా కనిపించేది కాదు. చాలా ఊళ్లలో పాత స్టూడియోల పలకలను కడిగి, ఆ గాజును పటాలకు బిగించడం జరిగింది. అలా ఎన్ని ముఖాలు కాలువ నీళ్లలో కలిసిపోయాయో ఎవరు చెప్పగలరు? దాచిపెట్టడం మంచిదే. ఎవరి ఇష్టంతో, ఎవరి కళ్ల కోసం అన్నదే ప్రశ్న.

పరదా డబ్బాలు అమ్మరాదని నిర్ణయమైంది. చిచ్చా ఒప్పుకున్నారు గాని సంతోషంగా ఒప్పుకోలేదు. కెమెరా వాటాగా వచ్చిన తన 8 వేలను పెద్ద ఫుప్పు ఆయన చేతిలో పెట్టింది. ఆయన తీసుకోలేదు. మరునాడు ఆమె వాటిని చిన్నమ్మకు ఇచ్చి ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది. మిగిలిన లోటును మేము తలా కొంత వేసుకుని పూడ్చాము.

తరువాతి పని పలకలను వాటి ఇళ్లకు చేర్చడం. ఫుప్పు నాయకత్వంలో మా ఇంటి ఆడవారు ఈ పని చేపట్టారు. పలకలను నీళ్లతో కడగరాదని, వేలితో ముట్టరాదని, అంచులు పట్టుకుని మాత్రమే ఎత్తాలని, ఒకదాని మీద ఒకటి పరచకుండా నిలువుగా నిలబెట్టాలని హైదరాబాదు వృద్ధుడు నేర్పారు. ఒక్కొక్క దాన్ని కొత్త కాగితంలో చుట్టి, దాదీ రాసిన పాత కాగితాన్ని కూడా దానితోనే ఉంచాము. ఆళ్లగడ్డలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఫుప్పు ఇంటింటికీ తిరిగింది. ఆమెను ఆటోలో తిప్పినది మా చిచ్చాయే. ఎవరూ అడగలేదు. ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత ఆయనే ఆటో తెచ్చి నిలబెట్టారు. ఇంటి బయటే కూర్చునేవారు. లోపల ఫుప్పు పలకను కిటికీ వెలుతురుకు ఎత్తి చూపేది.

ఒక ఇంట్లో డెబ్బై యేళ్ల అమ్మ ఆ పలకలో తన తల్లిని చూసింది. ఆమెకు మూడేళ్లప్పుడు తల్లి చనిపోయిందట, మరే ఫొటో లేదు. తెలుపు నలుపులు తారుమారై ఉండడం వల్ల మొదట గుర్తు పట్టలేదు. ఫుప్పు కాగితం మీద వేయించిన ప్రతిని చేతికిచ్చాక ఆ అమ్మ మాట్లాడకుండా దాన్ని ముఖానికి ఆనించుకుంది. మరొక ఇంట్లో మనవడు వచ్చి, తమ నానమ్మ జీవితమంతా పరదా పాటించిందనీ, ఈ రూపం ఎక్కడా మిగలడం ఆమెకు ఇష్టం ఉండదనీ మర్యాదగా చెప్పాడు. ఫుప్పు గోరువెచ్చని నీళ్లు తెప్పించి, పలకను అందులో ఉంచింది. పూత మెత్తబడి పొరగా లేచిపోయింది. తేటగా మిగిలిన గాజును తుడిచి ఆ ఇంటివారికే ఇచ్చి వచ్చింది. ఈ రెండు ఇళ్లకూ జరిగినది న్యాయమేనని మేము భావిస్తున్నాము. హక్కు ఎవరిదో వారే నిర్ణయించారు.

మిగిలిన 228 పలకలలో పెళ్లికొడుకులు, విద్యార్థులు, రైతులు, శిల్పులు, వారు చెక్కిన రాళ్లు, ఒకటి రెండింటిలో వీధి కూడా ఉన్నాయి. వీటిని కూడా అడగకుండా అమ్మబోము. గుర్తించిన కుటుంబాలకు కాగితం మీద ప్రతులు ఇస్తున్నాము. అసలు పలకలు నంద్యాలలో మా ఇంటి మధ్య గదిలో, నేలకు మూడడుగుల ఎత్తున చేయించిన చెక్క అరలో ఉన్నాయి. కుందూ పొంగే ఊళ్లో గాజును నేల మీద ఉంచడం క్షేమం కాదు. కెమెరా తిత్తికి పడిన చిల్లును పాత పద్ధతిలోనే పలుచని తోలుతో మూయించాము. ఇత్తడిని తోమలేదు.

ఇటువంటి పెట్టె మీ అటక మీద ఉంటే, దయచేసి కొనేవారు రాకముందే దించి చూడండి. వస్తువు పేరు, తయారీదారు పేరు రాసి పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురిని అడగనిదే ధర ఒప్పుకోకండి. వారసులందరినీ, ముఖ్యంగా అత్తవారిళ్లకు వెళ్లిన ఆడపిల్లలను, కూర్చోబెట్టి మాట్లాడండి. అందులో ఇతరుల ముఖాలు ఉంటే వాటిని సరుకులో కలపకండి.

పరదా డబ్బాలలోని 84 పలకలలో 53 ఇళ్లకు చేరాయి. 31 మిగిలాయి. వాటి మీది కాగితాలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఇంటిపేర్లు ఊళ్లో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. పెద్ద ఫుప్పుకు ఎనభై దగ్గరపడింది. ముఖాలు చూసి గుర్తు పట్టగలిగినది ఆమె ఒక్కతే. రంజాన్ ముగిశాక మళ్లీ బయలుదేరుతానని, ఇన్షా అల్లాహ్, ఈసారి రుద్రవరం వైపు వెళ్లి చూద్దామని చిచ్చాకు ఫోను చేసి చెప్పింది.